అత్తయ్య గీసిన స్లైడ్లు

ఆమెకు అన్నిటికంటే భయం ఇంట్లో ఉన్న మనిషి మాట్లాడటం మానేయడం. పాప ఒళ్ళు వెచ్చబడితే భయమే, లిఫ్టులు బాగుచేసే భర్త ఫోనెత్తకపోతే భయమే. కానీ అవి వచ్చిపోయే భయాలు. ఇది మాత్రం కడుపులో కాపురం పెట్టేసింది. వాచీలు బాగుచేసే ఆమె తండ్రి కొట్టు మూసేశాక ముందు మాటలు తగ్గించాడు, తర్వాత ఊఁ, ఊహూఁలకు దిగాడు, ఆ తర్వాత అవీ పోయాయి. ఆయన్ని కనిపెట్టుకుని ఉండటానికే ఆమె తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. ఏడాది తిరక్కుండా ఆయన పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. ఆమె మాత్రం మాట ఆగిపోబట్టే మనిషి ఆగిపోయాడని ఇప్పటికీ నమ్ముతుంది.

అందుకే ఈ ఇంట్లో పొద్దున్నే లేవగానే మామగారి గొంతు కోసం చెవులు రిక్కించేది. అది వినబడితే పాలు పొంగినా ఫరవాలేదు.

మామగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా చేశాడు. హాలు పోయి గోడౌను అయిందిగానీ ఆయనలోని ఆపరేటరు పోలేదు. రోజూ పది గంటలకు ముందు గదిలో ఒక ఆట వేసేవాడు. కిటికీ తెరలు దించేవాడు. గ్లాసు మీద చెంచాతో మూడుసార్లు బెల్లు కొట్టేవాడు. నాలుగేళ్ళ మనవరాలు, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, పాత క్యాలెండరు చింపి చేసిన టిక్కెట్లు పంచేది.

"నేల టిక్కెట్టా, కుర్చీ టిక్కెట్టా?" అని అడిగేది.

"నాకు నిలబడే టిక్కెట్టివ్వవే, పొయ్యి మీద కూరుంది," అనేది ఆమె.

బొమ్మ ఎప్పుడూ ఒక్కటే. చనిపోవడానికి ముందు ఏడాది అత్తయ్యను చిన్నకూతురు బుల్లి తీసిన వీడియో. అందులో అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని, అరచేయంత గాజుముక్క మీద సన్నటి కుంచెతో రంగులు వేస్తూ ఉంటుంది. హాల్లో ఆట మొదలయ్యే ముందు తెర మీద పడే ప్రకటనల స్లైడ్లు ఒకప్పుడు ఆవిడే గీసేది. బట్టల కొట్టు, కుట్టుమిషన్ల కొట్టు, పళ్ళ డాక్టరు, అన్నీ ఆవిడ చేతివే. వీడియోలో నాలుగో నిమిషం దగ్గర ఆవిడ తలెత్తకుండానే, "ఏవండీ, ఈ ఎరుపు చాలా?" అంటుంది. కుర్చీలోంచి మామగారు రోజూ, "చాలు చాలు, ఇంకా పూస్తే మంటలంటుకుంటాయి," అనేవాడు. పిచ్చుక పడీపడీ నవ్వేది. అక్కడి నుంచి ఆయనకు మాటలు వచ్చేవి. రీలు తెగిన రోజు హాల్లో ఎగిరిన కుర్చీలు, తెర వెనక పిల్లల్ని పెట్టిన పిల్లి, ఒక్కొక్కటే బయటికొచ్చేది.

టీవీకి తగిలించిన చిన్న డబ్బాలో ఆ బొమ్మను ఆడించే ప్లేయరు కూడా బుల్లి పెట్టిందే. దాన్ని ఏ కంపెనీ చేయలేదు. రకరకాల ఊళ్ళలో ఉన్న వాళ్ళు తలా కొంచెం ప్రోగ్రాము రాసి, ఎవరైనా ఊరికే వాడుకోమని వదిలేశారట. ఆ రాసేవాళ్ళలో బుల్లి కూడా ఒకతె. మామగారు పాలవాడికి కూడా చెప్పేవాడు: "మా అమ్మాయి ప్లేయరయ్యా. ఒక్క ప్రకటన రాదు. అడ్డం వచ్చేవాడు లేడు."

గురువారం పొద్దున మామగారు స్నానానికి వెళ్ళాడు. పిచ్చుక ఒక్క చెప్పు వేసుకుని రెండోదాని కోసం ఏడుస్తోంది. టీవీ పెట్టి ఉంచుదామని ఆమె రిమోట్ నొక్కితే తెర మీద ఒక పెట్టె వచ్చింది. అంతా ఇంగ్లీషు. కింద రెండు బటన్లు, ఒకటి నీలం, ఒకటి బూడిదరంగు. చదవడం మొదలుపెట్టింది. రెండో ముక్క దగ్గరే ఆగిపోయింది. బుల్లికి ఫోన్ చేసి అడగవచ్చు. కానీ పెద్ద చదువు చదివిన ఆడపడుచును, 'ఇందులో ఏముందో చెప్పవా' అని అడగాలంటే నోరు పెగల్లేదు. నీలం వెలుగుతోంది కదా, అదే మంచిదై ఉంటుందని నొక్కేసింది.

తెర మారిపోయింది. అత్తయ్య బొమ్మ ఉండే చోట వరసలు వరసలుగా ఛానళ్ళు. వాటిలో ఒకటి తనంతట తానే మొదలై, బట్టల సబ్బు గురించి గట్టిగా పాడటం మొదలుపెట్టింది.

మామగారు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి నిలబడిపోయాడు.

"ఇదేంటమ్మా?"

"ఏమో మామయ్యా... పెట్టగానే ఇలా వచ్చింది. దానంతటదే."

ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆయన రిమోట్ తీసుకుని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వెతికాడు. వంట ఛానల్, వార్తల ఛానల్, చేపలు పట్టే ఛానల్. అత్తయ్య లేదు. ఇరవై నిమిషాలు చూసి రిమోట్ బల్ల మీద పెట్టి, కిటికీ తెరలు తీసేశాడు. ఆ రోజు బెల్లు మోగలేదు.

మధ్యాహ్నం, "అన్నం పెట్టనా మామయ్యా?" అంటే తల ఊపాడు. సాయంత్రం పిచ్చుక వెళ్ళి మోకాళ్ళు పట్టుకుని, "తాతా, పిల్లి కథ చెప్పు," అంటే దాని తల నిమిరాడంతే.

శుక్రవారం ఊఁ, ఊహూఁ. శనివారం అవీ అరుదయ్యాయి. భర్త మాత్రం, "వీడియో కనబడక అలిగాడు. రెండ్రోజులైతే ఆయనే సర్దుకుంటాడులే," అని పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె వంటింట్లో పంపు విప్పి, ఆ చప్పుడు చాటున బుల్లికి ఫోన్ చేసింది.

"ప్లేయర్లో ఏవో ప్రకటనల ఛానళ్ళు వచ్చాయి. మామయ్య మాట్లాడట్లేదు," అంది.

"మేమంతా ఓటేసుకున్నప్పుడు, ఆ ఛానళ్ళు తేవాలని చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను వదినా," అంది బుల్లి. "నాన్నకు చెప్పే ధైర్యం లేక దాచాను. రేపు వస్తున్నా."

నీలం బటన్ సంగతి నాలుక చివరిదాకా వచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున బుల్లి వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "ఏం నాన్నా, నామీద కోపమా?" అంది. మూడు రోజుల తర్వాత ఆయన నోరు విప్పాడు. ఆ మాటలు విన్నాక విప్పకపోయినా బాగుండేదనిపించింది.

"అమ్మేశావా?"

"ఏంటి అమ్మేది? ఎవరైనా ఇప్పటికీ ఊరికే వాడుకోవచ్చు."

"ఊరికే ఇచ్చేవాడు సబ్బులెందుకు అమ్ముతున్నాడు?"

"నాన్నా, ఊరికే రాసేవాళ్ళం అలిసిపోయాం. పగలంతా ఉద్యోగం చేసి, వచ్చి ఇది చేసేవాళ్ళం. చెడిపోయినవన్నీ సరిచేసే పెద్దాయన పన్నెండేళ్ళు చేసి కంటిచూపు పాడుచేసుకుని మానేశాడు. ఆ ప్రకటనల మీద వచ్చేదాంతో ఇద్దరు మనుషులు పూర్తిగా ఇదే పనిలో ఉంటారు. లేకపోతే ప్లేయరే పోయేది. అమ్మ వీడియో దేంట్లో చూసేవాడివి?"

"మాట్లాడకు మీ అమ్మ గురించి!" ఆయన కుర్చీ మీద చరిచాడు. "మా ఓనరు రీలు మధ్యలో ప్రకటన వెయ్యమన్నాడు. ముందు వెయ్యండి, ఇంటర్వెల్లో వెయ్యండి, బొమ్మ మధ్యలో మాత్రం కొయ్యనన్నాను. నెల రోజులు పనిలోంచి తీసేశాడు. ఇంట్లో కూర్చున్నానుగానీ కొయ్యలేదు. నువ్వేమో మీ అమ్మనే తీసేసి సబ్బు పెట్టావ్!"

"తీసెయ్యలేదు నాన్నా!" బుల్లి రిమోట్ అందుకుంది. పక్కకు రెండుసార్లు, కిందికి ఒకసారి నొక్కింది. ఫోల్డర్లన్నీ అక్కడే, రెండో పేజీలో కుదురుగా ఉన్నాయి. "మన సొంత వీడియోల్లోకి ప్రకటన ఎప్పటికీ రాదు. ఆ షరతు మీదే చెయ్యెత్తాను. ఇంకోటి, అడక్కుండా ఆ ఛానళ్ళు రావు. కావాలా వద్దా అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఉండితీరాలని ఎనిమిది నెలలు పోట్లాడిందే నేను."

"అడిగిందా? ఎవర్ని అడిగింది?" మామగారు లేచి నిలబడ్డాడు. "నేను ఔననలేదు. నీ అన్న దాని జోలికే పోడు. కోడలు దానంతటదే వచ్చిందని చెప్పింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పాల్సిన ఖర్మేంటి? చేసిందిగాక మళ్ళీ బొంకుతున్నావా?"

బుల్లి అలాగే వీడియో నొక్కింది. తెర మీదికి కిటికీ, గాజుముక్క, కుంచె వచ్చాయి. నాలుగో నిమిషం వచ్చింది. "ఏవండీ, ఈ ఎరుపు చాలా?" అంది అత్తయ్య.

మామగారు నోరు తెరవలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బొమ్మ తిరిగొచ్చినా జవాబు రాలేదు. పిచ్చుక తాతవైపూ తెరవైపూ చూసి, "తాతా, చెప్పు," అని గుసగుసగా అంది. బుల్లి కళ్ళు తుడుచుకుని సంచీ భుజాన వేసుకుంది.

"వస్తా వదినా."

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇప్పుడు ఊరుకుంటే ఈ ఇంట్లో రెండు గొంతులు ఆగిపోతాయి. రెండూ తన మూలంగానే.

"నేనే నొక్కాను," అంది.

ముగ్గురూ ఆమెవైపు తిరిగారు.

"నీలం బటన్. గురువారం. ఏదో అడిగింది. నాకు చదవడం రాలేదు మామయ్యా. అడిగితే నవ్వుతారేమోనని నొక్కేశాను. అత్తయ్య పోయిందనుకున్నాను, శాశ్వతంగా నేనే చెరిపేశాననుకున్నాను. అందుకే అబద్ధమాడాను. బుల్లి చెప్పింది నిజం. తిట్టాలంటే నన్ను తిట్టండి. గట్టిగా తిట్టండి. ఎంతసేపైనా తిట్టండి. మాట్లాడకుండా మాత్రం ఉండకండి. మా నాన్న అలాగే..."

బుల్లి సంచీ కింద పడేసి వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "నవ్వుతానా వదినా? నిన్ను చూసి నేను నవ్వుతానా? ఆ ప్రశ్న మన భాషలోకి మార్చే పని నాకే అప్పజెప్పారు. తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. మా ఇంట్లోనే చదవలేని మనిషి ఉంటుందని తట్టనేలేదు చూడు, అదీ నా తెలివి."

మామగారు మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. మాట లేదు. తెర మీద అత్తయ్య కుంచె కడుగుతోంది. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏదో ఒకటి అడగాలని, నోటికొచ్చింది అడిగేసింది.

"మామయ్యా, అత్తయ్య స్లైడు ఒక్కోటి తెర మీద ఎంతసేపు ఉంచేవారు?"

ఆయన చాలాసేపు తెరవైపే చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"పది సెకన్లు. అదీ లెక్క. ఓనరు గడియారం పట్టుకుని కూర్చునేవాడు." ఆగాడు. "ఆయన టీకి వెళ్ళినప్పుడు పదిహేను ఉంచేవాణ్ణి. మీ అత్తయ్య మొదటి ఆటకు వచ్చి నేలలో కూర్చునేది. బొమ్మకు కాదు, తన స్లైడ్లు చూసుకోడానికి. అవి అవగానే లేచి ఇంటికెళ్ళిపోయేది. క్యాబిన్ కంతలోంచి చూసేవాణ్ణి. చీకట్లో ముఖం కనబడేది కాదు. స్లైడు వెలుగు పడితేనే కనబడేది. అందుకని ఇంకో ఐదు సెకన్లు."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని తెలిసి ఇద్దరాడవాళ్ళూ చెరోవైపూ కూర్చున్నారు.

"ఐతే నాన్నా," అంది బుల్లి ముక్కు ఎగబీలుస్తూ, "జనాన్ని కూర్చోబెట్టి ప్రకటనలు ఎక్కువసేపు చూపించింది నువ్వన్నమాట. నన్నంటున్నావ్!"

"నోర్ముయ్యవే," అన్నాడాయన ఏడుపులోంచే నవ్వుతూ. "నిన్ను బొంకుతున్నావన్నాను. అనకూడదు. ఎప్పుడూ నాకు చెప్పి చేసేదానివి, ఈసారి చెప్పలేదని కడుపు మండింది."

"చెప్తే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకోను. రెండ్రోజులు అరిచేవాణ్ణి. మూడోరోజు మీ అమ్మ స్లైడ్లు గుర్తొచ్చేవి." కోడలివైపు తిరిగాడు. "నువ్వేమ్మా, ముప్ఫై ఏళ్ళు కరెంటుతో ఆడుకున్నవాణ్ణి నాకే ఆ ఇంగ్లీషు సగం తెలీదు. బూడిదరంగుది నొక్కితే ఏమయ్యేదో నాకూ తెలీదు. ఈసారి ఇద్దరం కలిసి నొక్కుదాం, తప్పైతే ఇద్దరిదీ."

ఆ వారంలోనే బుల్లి ఆ ప్రశ్నను మన భాషలో రాసింది. పంపేముందు ఫోన్లో చదివి వినిపించి, "ఇలా ఉంటే తెలుస్తుందా వదినా?" అని అడిగింది. ఆమె ఒక మాట మార్చమంది. బుల్లి మార్చింది. ఛానళ్ళు తీసెయ్యనా అంటే మామగారే వద్దన్నాడు. ఇప్పుడు పది గంటల ఆట ముందు ఒక్క ప్రకటన చూస్తాడు. "ఆ అక్షరాలేంటి, చీమలు పాకినట్టు," అంటాడు. "పసుపు మీద తెలుపు ఎవడైనా వేస్తాడా?" అంటాడు. పిచ్చుక పలకా సుద్దముక్కా తెచ్చుకుని పక్కన కూర్చుంటుంది. తాత చెప్పినట్టు అది గీసిన సబ్బు అచ్చం ఏనుగులా ఉంది. దాని గురించి ఇద్దరూ మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతూ ఆ వాదనంతా వింటూ ఉండిపోయింది.

మీ వీధిలో కూడా పొద్దస్తమానం టీవీ మోగే ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ప్రకటనలు వస్తూనే ఉంటాయి, ఛానల్ మారదు, మనిషి గొంతు మాత్రం బయటికి వినబడదు. ఈ పూట తీరిక చేసుకుని ఆ తలుపు ఒకసారి తట్టండి. పెద్ద పరామర్శలేమీ అక్కర్లేదు. "ఏం చూస్తున్నారండీ?" అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే ఉండండి.