పరుగెత్తిన జాలరి

శుక్రవారం మధ్యాహ్నం, బొమ్మల సినిమాలు తీసే స్టూడియోలో అందరూ చూస్తుండగా, ట్యూరా నడిపించిన ముసలి జాలరి పరుగెత్తాడు.

నిజానికి అతను పరుగెత్తకూడదు. ఏళ్ళ తరవాత ఇంటికి తిరిగొచ్చి, భార్య నిలబడ్డ గుమ్మం వైపు బెరుకుబెరుగ్గా నడవాలి. తెర మీద మాత్రం కందిరీగలు తరిమినట్టు దూసుకెళ్ళి తలుపుకు గుద్దుకున్నాడు. గదంతా ఘొల్లుమంది.

ట్యూరా నవ్వలేదు. జానెడు బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్ళీ జరిపి ఇంకో ఫొటో. అలా పన్నెండు తీస్తే ఒక్క సెకను. ఆ నడకకు ఆమెకు మూడు వారాలు పట్టింది. పైగా ఇది ఆమె మొదటి సినిమా.

ఆ ఫొటోలను కంప్యూటర్లోకి ఎక్కించి, వెనకాల సముద్రాన్నీ ఆకాశాన్నీ అతికించేవాడు ఎస్కిల్. స్టూడియోలో తనంతటి కంపోజిటర్ లేడని అతని నమ్మకం. అదీ నిజమే. అక్కడ ఇంకో కంపోజిటరే లేడు.

"నా కెమెరా దగ్గర బాగానే నడిచాడే!" అంది ట్యూరా.

"ఆ చిన్న తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయిలే. ఫొటో ఫొటోకీ బొమ్మను ఎక్కువ జరిపేసి ఉంటావు. మొదటిసారి కదా, అవుతుంటాయి," అన్నాడు ఎస్కిల్ పెద్దమనిషిలా.

స్టూడియో నడిపే గుడ్రూన్ తల పట్టుకుంది. "చిత్రోత్సవానికి పంపడానికి ఇంకా రెండు వారాలే ఉన్నాయి, అమ్మాయ్."

"మళ్ళీ తీస్తాను," అంది ట్యూరా. ఎస్కిల్ వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె తన వైపు చూడాలని ఆర్నెల్లుగా రోజుకో ఇస్త్రీ చొక్కా వేసుకొస్తున్నవాడు, చూసే కాస్త అవకాశాన్నీ తన నోటితోనే పోగొట్టుకున్నాడు.

సోమవారం ఉదయం ఎస్కిల్, అదే సినిమాకు ట్యూరా తీసిన సముద్రపు కొంగ బొమ్మ ఫొటోలు ఎక్కించాడు. కొంగ దోమలా రెక్కలాడించింది. దీన్ని కూడా ట్యూరా ఎక్కువ జరిపిందా? అనుమానమొచ్చి సెట్టింగులు తెరిచాడు. సెకనుకు ఎన్ని ఫొటోలో చెప్పే గడి ఒకటుంది. మనం చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ ముప్ఫై అనుకుంటుంది. ఈ సినిమాకు అతను చెప్పనేలేదు.

జాలరి ఫొటోలకు పన్నెండు కొట్టాడు. ముసలాయన నడిచాడు. మధ్యలో ఆగి, టోపీ సర్దుకుని, మళ్ళీ నడిచాడు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. 'నేనే సరిచేశాను' అంటే మెచ్చుకుంటారు కూడా. అలా మెచ్చుకోవడాన్ని రెండు నిమిషాలపాటు ఊహించుకుని, సిగ్గుపడి, బేకరీలో రెండు దాల్చినచెక్క రొట్టెలు కొని, వానలో తడుస్తూ షూటింగు గదికి వెళ్ళాడు.

ట్యూరా వేళ్ళకు నాలుగు ప్లాస్టర్లున్నాయి. బల్ల మీద జాలరి మోకాలు విరిగి పడున్నాడు.

"తప్పు నీది కాదు. నాది. సెకనుకు పన్నెండని చెప్పడం మర్చిపోయాను," అన్నాడు ఎస్కిల్ ఒక్క గుక్కలో.

ట్యూరా విరిగిన మోకాలి మీంచి తలెత్తింది.

"శని, ఆదివారాలు ఇక్కడే పడున్నాను. నాకీ పని చేతకాదని ఏడ్చాను. తెలుసా?"

"కావాలంటే నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నావెందుకు? వీడివి పట్టుకో." మోకాలికి జిగురు రాసి జాలరిని అతని చేతిలో పెట్టింది. "ఆరేదాకా కదిలావో, చంపేస్తాను."

చొక్కా నుంచి నీళ్ళు కారుతుండగా, రెండు వేళ్ళతో బొమ్మ కాలు పట్టుకుని ఎస్కిల్ విగ్రహంలా నిలబడ్డాడు. ట్యూరా రొట్టె కొరికింది.

"గుట్టుగా సరిచేసేస్తే నాకు తెలిసేదే కాదు. ఎందుకు చెప్పావ్?"

"నువ్వంటే... ఇష్టం. ఆర్నెల్ల నుంచి. ఇప్పుడు చెప్పాల్సింది కాదేమో. కానీ పారిపోదామన్నా కదలకూడదన్నావుగా."

ట్యూరా నవ్వు ఆపుకోలేక పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుని, అతని పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. రెండో రొట్టె తుంచి అతని నోటికందించింది.

"గుడ్రూన్‌కి నువ్వే చెప్పాలి. అందరి ముందూ."

"చెప్తాను."

"తరవాత నన్ను భోజనానికి పిలవాలి. అదీ అందరి ముందే."

జిగురు ఆరడానికి పది నిమిషాలు చాలని డబ్బా మీద రాసే ఉంది. గంట గడిచినా ఆ ఇద్దరిలో ఎవరూ దాన్ని చదవలేదు.