చైను జారిన రోజు

మేస్త్రి ఇరవై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరును కూతురు ఇరవై అడుగుల్లో పోగొట్టిందని ఎదురింటి టైలరమ్మ అన్నదట. ఆడపిల్ల చేతికి పానా ఇస్తే చైను జారక ఏం చేస్తుందని కూడా అన్నదట. మాత్రల కోసం వెళ్లిన మేస్త్రి భార్యకు మందుల షాపతను ఆ మాటలు కూడా పొట్లం కట్టి ఇచ్చాడు.

ఆమె తిరిగొచ్చేసరికి మేస్త్రి షెడ్డులో పాత మిలటరీ లారీ బానెట్‌ను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఇంటి వెనక ఆ రేకుల షెడ్డే అతని లోకం. సైన్యం తుక్కు కింద వదిలేసిన లారీలను, చక్రాల చుట్టూ ఇనుప చైను తిరిగే చైను బండ్లను తెచ్చుకుని, ఏళ్ల తరబడి కూర్చుని మళ్లీ నడిపిస్తాడు. మోత విని ఇంజను రోగం చెప్పగలడని జనం అతనికి చెవి మేస్త్రి అని పేరు పెట్టారు. పక్కనే కూతురు కార్బురేటర్ విప్పి, ముక్కలన్నీ పళ్లెంలో సర్దుకుంటోంది. వారం నుంచి తండ్రీకూతుళ్ల మధ్య పది, పన్నెండు, పద్నాలుగు అనడం తప్ప వేరే మాట లేదు. అవి పానాల నంబర్లు.

భార్య టైలరమ్మ మాటలు ఒక్కటీ వదలకుండా అప్పజెప్పింది. కుండకైతే మూకుడు వేస్తాం, లోకం నోటికి వేస్తామా అని మేస్త్రి తల ఎత్తకుండానే అన్నాడు. అప్పుడామె చేతిలోని కవరు బానెట్ మీద పెట్టింది.

"దీని దిండు కింద దొరికింది. చదవండి."

కూతురు చేయి పళ్లెం మీద ఆగిపోయింది.

యుద్ధ వాహనాల మ్యూజియం రాసిన ఉత్తరం అది. ఆ వర్క్‌షాపులో ఉద్యోగం కోసం ఆ పిల్ల మూడేళ్లుగా ఎదురుచూస్తోంది. చైను బిగించడంలో అభ్యర్థికి ఇంకా పట్టు చిక్కలేదని తమ అధికారి ప్రదర్శనలో స్వయంగా గమనించినందువల్ల తీసుకోలేకపోతున్నామని రాశారు. మేస్త్రి రెండుసార్లు చదివాడు. రెండోసారి కాగితం మీద అక్షరాలు కాక వారం కిందట పాత బండ్ల ప్రదర్శన జరిగిన మైదానమే కనిపించింది.

చైను బండిని సిద్ధం చేసింది కూతురే. ఇనుప లింకులన్నిటికీ కొత్త పిన్నులు వేసి, స్కేలు పెట్టి కొలిచి బిగించింది. కొత్త పిన్నులు అరుగుదల పట్టేదాకా కీచుమంటాయి, ఏం కాదు, ముట్టుకోవద్దు అని తండ్రికి చెప్పింది. కానీ ప్రదర్శన రోజు పొద్దున ఆ కీచు అతని చెవికి నచ్చలేదు. చెవి మేస్త్రి బండి అలా అరిస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఎవరూ చూడకుండా ముందు చక్రం దగ్గర చైను బిగువును పట్టి ఉంచే నట్టు నాలుగు చుట్లు వదులు చేశాడు. బండి మెత్తగా కదిలింది. మొదటి మలుపులో చైను ఊడి పాములా నేల మీద పడింది. మైకు పట్టుకున్నవాడు ఏమైందని అడిగితే, అతని వేలు దానంతటదే కూతురి వైపు లేచింది. "మా అమ్మాయి బిగించింది. ఇంకా చేయి తిరగలేదు" అన్నాడు. జనం నవ్వారు. ఆ పిల్ల గడ్డపార తీసుకుని, గంటసేపు ఎండలో ఒక్కతే చైను ఎక్కించింది.

"చైనన్నాక జారుతుంది. ఎవరి తప్పని చెప్తాం?" అని మేస్త్రి ఇప్పుడు గొణిగాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది మీ వరస" అంది భార్య. "మీకు మంచినీళ్లు తెచ్చాను ఆ పొద్దున. మీరు బండి కింద ఉన్నారు. పానా ఎటు తిరుగుతోందో నాకూ తెలుసండీ, ఇన్నేళ్లు మీతో కాపురం చేశాను. ఇంటాయన పరువు కదా అని నోరు మూసుకున్నాను. కన్నకూతురిని అమ్ముకుని నిలబెట్టిన పరువు అది. మీకు లేకపోతే నాకైనా ఉండాల్సింది సిగ్గు."

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. కూతురి ముఖం చూద్దామంటే మెడ లేవలేదు.

"నీకు తెలుసా?" అని ఆమె చేతుల కేసి చూస్తూ అడిగాడు.

"ఎక్కిస్తున్నప్పుడే చూశాను. నేను బిగించినప్పుడు నట్టు బయట ఆరు మరలు కనిపించాయి. జారాక చూస్తే రెండే ఉన్నాయి" అంది కూతురు, కార్బురేటర్ జెట్టును గుడ్డతో తుడుస్తూ.

అతను చేతులైనా కడుక్కోకుండా ఫోను తీశాడు. ఉత్తరం కింద ఉన్న నంబరు నొక్కి, ఇద్దరికీ వినపడేలా పెట్టి బానెట్ మీద ఉంచాడు. అధికారికి తను ఫలానా అని చెప్పాడు. రెండుసార్లు దగ్గి, నట్టు వదిలింది తనేనని, మైకులో చెప్పింది అబద్ధమని, కూతురు కొలిచిన కొలతలో ఆవగింజంత తేడా లేదని చెప్పాడు. ఈ మాట ఆ రోజే అనాల్సింది, పెద్దవారు, నేను చెప్పాలా అన్నాడు అధికారి. సోమవారం అమ్మాయిని పంపండి, ఒక చైను ఇచ్చి చూస్తాం, మాటైతే ఇవ్వలేను అని పెట్టేశాడు.

భార్య మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. మేస్త్రి అయితే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. మసి చేతులతోనే వెళ్లి కూతురి ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"తప్పయిపోయింది అమ్మడూ. ఇకమీదట నువ్వు ముట్టిన నట్టు నేను ముట్టను."

ఆమె పళ్లెం పక్కకు జరిపి, తండ్రి కూర్చోవడానికి గోనెపట్టా ఇటు లాగింది. అతనికి కాస్త ఊపిరి ఆడింది. ఆ ధైర్యంతోనే ఇంకో మాట అడిగాడు.

"మరి నీకు అంత తెలిసినప్పుడు, నీ తప్పు కాదని అక్కడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఎవరు నమ్ముతారు నాన్నా? వేలు చూపించింది నువ్వు."