మూడో గ్రూపు

రాసిన కోడ్ మూడోసారి వెనక్కొచ్చింది. తను చేసిన తప్పేంటో జగ్గయ్యపేట అక్రమ్‌కి అంతుపట్టలేదు.

అతను ఓ రూటర్ల కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. రూటర్‌ని నడిపించే కెర్నెల్ లోపల పనిచేసే మాడ్యూల్ అతనిది. ఏ డేటా ఎక్కడ ఆగిపోయిందో దానికి తెలుసుగానీ, బయట నడిచే ప్రోగ్రామ్‌కి చెప్పే దారి లేదు. కెర్నెల్ నుంచి బయటికి మెసేజీలు మోసే నెట్‌లింక్‌తో ఆ దారి వెయ్యాలి. ఆ సాయంత్రంలోగా నడవకపోతే పని వేరే టీమ్‌కి పోతుంది.

బయటి ప్రోగ్రామ్ రాసిందీ, ఇతని కోడ్ ఓకే చెయ్యాల్సిందీ నందిగామ అమ్మాయి జీనత్. ఫోన్లో గొంతు తప్ప మనిషిని చూడలేదు. మొదటిసారి "లాక్ వెయ్యడం మర్చిపోయారు" అని రాసింది. రెండోసారి "మెమరీ వదల్లేదు" అంది. ఈసారి "ఇంకోసారి చూడండి" అని ఊరుకుంది.

ఏం చూడాలి? ఫోన్ చేశాడు.

"జీనత్‌గారూ, నా మీద కోపమా అండి?"

"కోపమైతే రమ్మంటానా? నందిగామ రండి. టెస్ట్ రూటర్ మా నాన్న షాపులోనే ఉంది."

తిట్టడానికి రమ్మందా, నేర్పడానికా? బస్సు చిల్లకల్లు దాటినా తేలలేదు. దిగేసరికి వాన.

జీనత్ వాళ్ళ నాన్న బుడే సాహెబ్ మోటార్లకి వైండింగ్ చేస్తాడు. రాగితీగ చుడుతూనే తలెత్తి, "అక్రమ్ అంటే నువ్వేనా? అన్నం దగ్గర రోజూ నీ గొడవే" అన్నాడు.

అది మంచో చెడో తెలీక అక్రమ్ నవ్వీ నవ్వనట్టు నవ్వాడు.

లోపల జీనత్ లాప్‌టాప్ తిప్పి చూపించింది. "మీ మాడ్యూల్ పంపుతోంది. నా ప్రోగ్రామ్‌కి ఒక్క మెసేజీ రావట్లేదు."

ఆమె జడ తడిసి ఉంది. అక్రమ్ స్క్రీన్ మీద దృష్టి పెట్టడానికి చాలా కష్టపడ్డాడు.

"నేను మూడో గ్రూపుకి పంపుతున్నా. మీరు మూడు అని రాశారు. కానీ ఇక్కడ గ్రూపు గ్రూపుకీ అంకె రెట్టింపవుతుంది: ఒకటి, రెండు, నాలుగు. మూడంటే ఒకటో గ్రూపూ, రెండో గ్రూపూ కలిపి. మూడో గ్రూపు వినాలంటే నాలుగు రాయాలి."

ఆమె నాలుగు కొట్టింది. మెసేజీలు వరసగా దిగాయి.

"అంటే తప్పు మీదేగా. మెసేజీలు రావట్లేదని రాయొచ్చుగా?"

"రాస్తే ఫోన్లోనే చెప్పేసేవారు. ఇక్కడిదాకా రారుగా," అంది, కీబోర్డు మీంచి కళ్ళెత్తకుండా.

అక్రమ్‌కి అర్థమయ్యేసరికి ఆమె ఓకే నొక్కేసింది. "పనైపోయింది. ఇక మీకు నందిగామతో పనేముంది?"

అతను లేచి తిన్నగా బుడే సాహెబ్ దగ్గరికెళ్ళాడు.

"అంకుల్, ఆదివారం మా అమ్మని తీసుకొస్తానండి."

"మోటారు కాలిందా?"

"కాదండి. జీనత్‌గారి విషయం మాట్లాడ్డానికి."

బుడే సాహెబ్ తీగ కింద పెట్టి కూతురి వంక చూశాడు. ఆమె తల దించుకుంది గానీ లోపలికి పోలేదు.

"సరే బాబూ. మధ్యాహ్నం భోజనానికే రండి."

గొడుగు పట్టుకుని బస్టాండు దాకా వచ్చింది జీనత్. "నన్నడక్కుండా నాన్ననడిగారే?"

"మీరేమంటారోనని భయమేసింది."

"నేనింకేమంటాను," అని గొడుగు అతని చేతికిచ్చి, వానలోకి దిగి వెనక్కి నడిచింది. "ఆదివారం తిరిగివ్వండి."