ఇల్లరికం ఇంటిపేరు

ఆ శనివారం లోథర్ హుషారుగా లేచాడు. పాలు పితికి, నల్లరొట్టె మీద వెన్న రాసుకుని తినేసరికి వడ్రంగి అర్నోల్ట్ ఉలుల సంచీతో దిగాడు. లోథర్ కూతురు వీబ్కెకీ యోస్ట్‌కీ పెళ్ళి వచ్చేవారమే. పెద్ద తలుపు పైదూలం మీద కొత్త జంట పేర్లు చెక్కించాలి. వెస్ట్‌ఫాలియా పల్లెల్లో ఇంకో ఆచారమూ ఉంది. ఇల్లరికం వచ్చినవాడు తన ఇంటిపేరు వదిలేసి ఆ పొలం పేరు పెట్టుకోవాలి. ఈ పొలం పేరు షూర్మన్, అంటే ధాన్యపు కొట్టం వాళ్ళని. లోథరూ అలా వచ్చినవాడే.

"వీబ్కె, యోస్ట్, షూర్మన్. అక్షరాలు లోతుగా పడాలి సుమా!" అన్నాడు లోథర్.

అర్నోల్ట్ నీళ్ళు నమిలాడు. "అదేంటన్నా, డీక్‌మన్ అని చెక్కమంది మీ అమ్మాయి. అల్లుడి ఇంటిపేరే ఇద్దరికీ అట. నీకు చెప్పలేదూ? వదినకి తెలుసే!"

పరాయివాడికి తెలిసింది ఇంటి యజమానికి తెలీదన్నమాట! లోథర్ విసవిసా వంటింట్లోకి వెళ్ళాడు. తల్లీకూతుళ్ళు కేకు కోసం రేగుపళ్ళలాంటి ప్లమ్ పళ్ళ గింజలు తీస్తున్నారు.

"బాగుందమ్మా, బాగుంది! ఇద్దరూ కలిసి నా గొంతు కోశారు."

"నాన్నా, ఇవాళ చెబుదామనే..."

"ఎప్పుడు, చెక్కడం అయ్యాకా? ఈ గుమ్మం తొక్కడానికి మా నాన్న పేరు వదిలేశానే! తాతముత్తాతలు బండిచక్రాలు చేసి తెచ్చుకున్న పేరది. 'పేరు అమ్ముకున్నవాడి పెళ్ళికి రాను' అన్నాడాయన. రాలేదు. చచ్చేదాకా పలకరించలేదు. అంత పోగొట్టుకుని నేను నిలబెట్టిన పేరుని పొట్టులా ఊదేస్తావా? ఇంక నా బతుక్కి అర్థమేంటే?"

వీబ్కె చేతులు తుడుచుకుంది. "మన పేరు పెట్టుకుంటావా అని యోస్ట్‌ని అడిగాను నాన్నా. నీ మొహం చూసి సరేనన్నాడు. అనేసి గొడ్లపాకలోకెళ్ళి ఏడ్చాడు. అచ్చం నీలాగే."

"నేనెప్పుడు ఏడ్చానే?"

"మీ నాన్న పోయినప్పుడు. సమాధి రాయి మీద ఇంటిపేరు తడిమి తడిమి చూశావు. ఇంటికొచ్చి ఆవు పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చావు. చిన్నపిల్లనని నన్ను పట్టించుకోలేదు గానీ నేను చూశాను. ఆ ఏడుపు నా చేతులతో ఇంకొకడికి పెట్టలేను. నీ దగ్గర దాచడం మాత్రం నా తప్పే."

లోథర్ కుర్చీలో కూలబడ్డాడు. కోపం ఎటు పోయిందో పోయింది. "మరి నన్నెవరూ అడగలేదేమే?" అన్నాడు పసివాడిలా.

ఆ మాట అతని భార్య ఆల్వినెకి తగిలింది. పళ్ళగిన్నె పక్కన పెట్టి వచ్చి అతని ముందు నిలబడింది.

"నేనడగాల్సింది. మా పేరు నిలుస్తోందని మురిసిపోయానే గానీ మీకేం పోతోందో చూళ్ళేదు. పిల్లకున్న బుద్ధి నాకు లేకపోయింది."

పెళ్ళయిన నలభై ఏళ్ళలో అతని పాత ఇంటిపేరు ఆమె నోట ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు అతని చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించండి, లోథర్ వెగెనర్ గారూ," అంది.

తన పేరు తనకి వినబడేసరికి లోథర్ భోరుమన్నాడు.