మోకాళ్ళ పర్వతం గడి

"ఈ ఆట తయారుచేసింది ఎవురండీ?"

ప్రెస్సు గుమ్మంలో నిలబడి అడిగిన అమ్మాయి చేతిలో రెండు అట్టలున్నాయి. ఆ ముఖం చూస్తే మెచ్చుకోవడానికి వచ్చినట్టు లేదు. అయినా రాజారత్నం జుట్టు సవరించుకుని, "నేనే" అన్నాడు. పాతికేళ్ళ వయసు అలాంటిది మరి.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. తిరుపతి ఇళ్ళల్లోకి టీవీలు రాని కాలం. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏ అరుగు మీద చూసినా గవ్వలు గలగలలాడేవి. మేనమామ ఏకాంబరం ప్రెస్సులో పెళ్ళిపత్రికలు అచ్చువేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా గీసి రాజారత్నం తయారుచేసిన ఆట పేరు 'కొండదారి'. కొండ కింద అలిపిరి నుంచి, మెట్లు నిటారుగా ఉండే మోకాళ్ళ పర్వతం మీదుగా, పైన తిరుమల దాకా నూరు గడులు. గవ్వలేసి ఎక్కాలి. ఎవరు ముందు చేరితే వారికి ముందు దర్శనం. గోవిందరాజస్వామి గుడి ముందర అంగళ్ళలో అమ్మకానికి పెట్టిన ఆట జిల్లా అంతా పాకిపోయింది.

ఆ అమ్మాయి రెండట్టలూ బల్ల మీద పరిచింది.

"ఇది ఉగాదికి కొనింది. మోకాళ్ళ పర్వతం గడికి వస్తే రెండు ఆటలు ఆగల్ల అని ఉండాది. ఇది పోయిన నెల కొనింది. అదే బొమ్మ, అదే రంగు. ఈడ సూడండి, మళ్ళా అలిపిరికి పోవల్లంట. ఎవురికి చెప్పి మార్చినారు?"

"ఆట మరీ బిరీన, పది నిమిషాలకే అయిపోతా ఉండాదని మార్చినా. నా ఆట నేను మార్చుకుంటే ఎవురికి చెప్పల్ల?"

"ఆడేవాళ్ళకు."

రాజారత్నం రెండట్టలూ దగ్గరికి లాక్కుని పక్కపక్కన పెట్టి చూశాడు.

"మాది శ్రీకాళహస్తి. నా పేరు పంకజాక్షి. మా అవ్వకు మోకాళ్ళు పట్టేసి ఆరేండ్లయింది. కొండెక్కలేదు. దినామూ స్నానం చేసి, మీ ఆటలో గవ్వలేసుకోని ఎక్కతాది. పైకి చేరినాక దండం పెట్టుకోని, అప్పుడు అన్నం తింటాది. పోయిన నెల పక్కింటి రాఘవమ్మ ఈ కొత్త అట్ట తెచ్చింది. అవ్వ మోకాళ్ళ పర్వతం దాకా వచ్చింటే, మళ్ళా అలిపిరికి పో అనింది. ముప్పై ఏండ్ల సావాసం, ఇప్పుడు ఇద్దురికీ మాటల్లేవు. అవ్వేమో సరింగా అన్నం తినడంలేదు. స్వామే నన్ను రావద్దన్నాడు అంటాది."

రాజారత్నానికి సిగ్గేసింది. ఒక గడిలో రెండు మాటలు మార్చినందుకు ఎక్కడో ఒక ముసలావిడ అన్నం మానేస్తుందని అతనెప్పుడూ అనుకోలేదు.

"ఒక ఉత్తరం రాసుంటే..." అని నసిగాడు.

"నాలుగు రాసినా."

సీసం అక్షరాల టైపులు సర్దుకుంటున్న ఏకాంబరం అక్కడినుంచే నవ్వాడు. "ఉత్తరాలన్నీ ఆ మిషను కాలు కింద ఉండాయమ్మా. మిషను కదలకుండా బాగా పట్టుకున్నాయి."

పంకజాక్షి వంగి ఆ కట్ట లాగింది. అరవైకి పైగా కార్డులు. అక్కడే కూర్చుని ఒక్కొక్కటే చదివి వినిపించింది. గాలిగోపురం గడిలోకి ఇద్దరు ఒకేసారి వస్తే ఎవరు ఆగాలని పుంగనూరు కుప్పయ్య మూడుసార్లు అడిగాడు. మూడోసారి కార్డు చివర, 'నేను అడిగింది తప్పయితే మన్నించండి' అని కూడా రాశాడు.

"బదులు రాకపోతే మనిషి ఏమనుకుంటాడో తెలుసునా? నా మాటకు విలువ లేదనుకుంటాడు," అంది మెల్లగా.

ఇంతలో వాన పట్టుకుంది. చూరు కింద నిలబడి ఆమె వాన వంక చూస్తూంటే, రాజారత్నం ఆమె వంక చూశాడు. పట్టుబడ్డాడు కూడా. కంగారులో, "పాత రూలే పెట్టేస్తాలెండి" అన్నాడు.

"ఇది గూడా చెప్పకుండానే పెట్టేస్తారా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. వాన ఇంకాసేపు ఉంటే బాగుండునని రాజారత్నం అనుకున్నాడు. తిరుపతి వాన ఎవరి మాట వింటుంది? పావుగంటలో వెలిసిపోయింది.

తర్వాతి అచ్చులో అట్ట వెనక 'ఆటగాళ్ళకు జవాబులు' అని కొత్తగా వచ్చింది. మొదటి జవాబు ఇది: 'మోకాళ్ళ పర్వతం రూలు చెప్పకుండా మార్చడం నా తప్పు. పాత రూలే ఖాయం. శ్రీకాళహస్తి జ్ఞానాంబ అవ్వ ఆ రోజు కొండెక్కినట్టే.' రాఘవమ్మే ఆ అట్ట పట్టుకుని అవ్వ దగ్గరికి పరిగెత్తిందట.

ఇక నెలకో అచ్చు, ఉత్తరాలే ఉత్తరాలు. కొత్త అట్ట కొనకపోయినా అంగట్లో తిప్పి జవాబులు చదువుకునేవారు. ఆడేవాళ్ళు అడగడం, ఇతను బదులివ్వడం, మార్చేముందు ఒక నెల ముందే చెప్పడం. పంకజాక్షి కార్డు వారం వారం వచ్చేది. పెళ్ళికాని పిల్లకు ప్రెస్సు కుర్రాడు ఉత్తరం రాస్తే కాళహస్తి ఊరుకుంటుందా? అందుకని ఆమెకూ జవాబు అట్ట వెనకే.

"రేయ్ రత్నం, అందురికీ ఒక గీత, ఆయమ్మకు మాత్రం ఒక పేరా. అట్ట సాలడంలేదురా," అనేవాడు ఏకాంబరం.

ఎనిమిది నెలలు అలా తియ్యగా గడిచాయి. ఒకరోజు కాళహస్తిలో ఆటలమ్మే దేవరాజులు వచ్చి మాటల్లో, "ఆ పంకజాక్షికి చిత్తూరు సంబంధం వచ్చిందంటప్పా. పిల్లోడికి బ్యాంకులో పని," అన్నాడు.

రాజారత్నానికి ఆ రోజు అన్నం సయించలేదు. తన అట్ట మీద ఆమె పేరు చూసి పెళ్ళివారు ఏమనుకుంటారో అనుకున్నాడు. మంచి చేస్తున్నాననుకుని ఆమె పేరు తీసేశాడు. రెండు అచ్చులు ఆమెకు జవాబు లేకుండానే వెళ్ళిపోయాయి. ఆమె కార్డులు మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

మూడో నెలలో పంకజాక్షి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా పేరు ఎందుకు తీసేసినారు?"

"మీకు సంబంధం వచ్చిందని విన్నా. మీకు మాట రాకూడదని..."

"వచ్చింది. నాకు ఇష్టం లేదని మా నాయనకు చెప్పినా. కారణం అడిగితే ఏం చెప్పల్ల? మీ మనసులో ఏముండాదో నాకు తెలిస్తే గదా? మీరు ఆటే గాదు, మనిషిని గూడా అడక్కుండానే మార్చేస్తారు. నేనేమనుకుంటానో ఒక మాట అడిగినారా?"

ఆమె తిరిగి గుమ్మం దాకా వెళ్ళింది. ఇప్పుడు నోరు మెదపకపోతే ఈ మనిషి ఇక రాదని రాజారత్నానికి తెలిసిపోయింది. నూరు గడులకు రూల్స్ రాసినవాడికి నాలుగు మాటలు కూడదీసుకోవడం కష్టమైపోయింది.

"పంకజాక్షీ. నాకు నువ్వంటే ఇష్టం. నిన్ను పెండ్లి చేసుకోవల్లని ఉండాది. నీకు ఇష్టమేనా అని అడగతా ఉండా."

ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు. చెవి దాకా ఎరుపెక్కిన చెంప మాత్రం కనిపించింది.

"ఇంట్లో మాట్లాడి బదులు చెప్తాను," అని వెళ్ళిపోయింది.

అప్పుడు తెలిసింది మన హీరోకి, బదులు కోసం కాచుకోవడమంటే ఏమిటో. టపా మనిషి సైకిల్ గంట వినిపిస్తే చేతిలో టైపులు జారిపోయేవి. ఒక రోజు, మూడు రోజులు, వారం. పుంగనూరు కుప్పయ్య మూడు కార్డులు రాసి ఎన్నాళ్ళు ఇలా వీధి వంక చూశాడో అని రాజారత్నం మొదటిసారి తలచుకున్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, వేళ్ళకు కలంకారీ రంగులంటిన పెద్దమనిషి ఒకాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఆట చేసే పిల్లోడివి నువ్వేనా అప్పా? నేను మునిరామయ్యను. పంకజాక్షి నాయనను."

రాజారత్నం లేచి నిలబడ్డాడు.

"చిత్తూరోళ్ళకు వద్దని చెప్పేసి వచ్చినా. ఆదివారం మీ మామను పిలుచుకోని మా ఇంటికి రా. నీ ఆటలో దినామూ కొండెక్కే మా అమ్మ నిన్ను సూడల్లంట."

"పంకజాక్షి... ఏమనిందండీ?"

మునిరామయ్య అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా, ఆయమ్మ వద్దనింటే ఈ ఎండలో నేను బస్సెక్కి వస్తానా?"

రాజారత్నానికి కళ్ళు నిండిపోయాయి. పెద్దమనిషికి కుర్చీ వేయాలన్న సంగతి కూడా తోచలేదు. ఏకాంబరమే నవ్వుకుంటూ తెచ్చి వేశాడు.