పంపమ్మ లాప్‌టాప్

రాయచూరులో మార్చి ఎండ పొద్దున్నే వచ్చి వాకిట్లో చుట్టంలా కూర్చుంటుంది. ఎంత పొమ్మన్నా పోదు. సుమంగళ ఒగ్గరణి కోసం తడిపి పిండిన మండాళ్లను, అదే మరమరాలను, పోపులో వేసి కలుపుతోంది. ఇంటాయన ఈరేశ్ గంజ్‌లో పత్తి అంగడి గుమాస్తా. బయల్దేరడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఒగ్గరణి ఇంకా పళ్లెంలోకి రాలేదేమిటా అని వంటింటి వైపు చూస్తున్నాడు.

నడిమింట్లో కూతురు మేఘ లాప్‌టాప్ ముందు కూర్చుంది. అది గరగరమంటోంది. చూస్తుండగానే గరగర ఎక్కువైంది, తెర మీద గీస్తున్న ఇల్లు సగంలో ఆగిపోయింది. గోడలు వచ్చాయి గాని పైకప్పు రాలేదు.

"థూ! మళ్ల ఆగిపాయె!"

"పొద్దుపొద్దున థూ గీ అనకే. లక్ష్మి ఇంట్లకొచ్చే టైము," అంది సుమంగళ లోపలి నుంచి.

"లక్ష్మి రావాల్నంటే ఇది నడవాలె గదమ్మా!"

మేఘ మాటలో అబద్ధం లేదు. సివిల్ డిప్లొమా చేతికొచ్చాక ఎక్కడెక్కడో తిరిగింది, ఎవరూ పని ఇవ్వలేదు. ఇన్నాళ్లకు హుబ్బళ్లిలో మహదేవప్ప అనే ఇంజనీరు, ఇంట్లోనే కూర్చుని ఇళ్ల నమూనాలు గీసిపెట్టే పని ఇస్తానన్నాడు. కాకపోతే సోమవారం పొద్దున ఆయన చూస్తుండగా, ఆయన చెప్పిన మార్పు అప్పటికప్పుడు చేసి చూపించాలి. ఆయన ముందు కూడా పైకప్పు రాకపోతే పని ఇంకొకరికి పోతుంది. అడ్డు తగిలేది తన చదువు కాదు, ఈ డబ్బా అన్నదే ఆ పిల్ల దుఃఖం.

టిఫిను కాగానే లాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని రిపేరు అంగడికి వెళ్లింది. అక్కడి మనిషి దాన్ని తిప్పి చూశాడు, అడుగున అంటించిన చీటీ చదివాడు, 'ప్రాసెసర్ ముసలిదయిందమ్మా' అని తేల్చేశాడు. లోపల ఏముందో విప్పి చూసే ఓపిక ఆయనకు లేదు, విప్పించాలన్న ఆలోచన ఈమెకు రాలేదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన తండ్రికి మేఘ విషయమంతా చెప్పింది.

"దీంట్ల ప్రాసెసర్ ఒక్కటే తీసి మార్చరాదంట నాయినా. బోర్డుకే అతికిచ్చిండ్రు. మారిస్తే బోర్డు మొత్తం మార్చాలె."

"మార్పియ్యి. దానికి పరేషానేంది?"

"ఆ ఖర్చుకు ఇంకింత కలిపితే వేరేదే వస్తది. బోర్డు మార్చినా తెర పాతదే, బ్యాటరీ పాతదే. రేపు ఇంకోటి ఖరాబైతది. ఫాయిదా లేదు. అంగడాయన దీన్ని తీస్కోని కొత్తదాంట్ల తగ్గిచ్చిస్తా అన్నడు."

ఈరేశ్ చేతిలో ముద్ద ఆగింది. "మా అమ్మ కొనిచ్చినదాన్ని అమ్ముతవా?"

"అమ్ముడు గాదు నాయినా, ఎక్స్‌ఛేంజ్."

"పేరు ఏం పెట్టినా అమ్ముడే. గంజ్‌ల పుట్టి పెరిగినోన్ని, నాకు చెప్తవా? బోర్డు మార్పియ్యి, పైసలు నేనిస్తా."

సుమంగళ మధ్యలోకి వచ్చింది. "బోర్డు మార్చినంక అత్త కొనిచ్చింది ఏం మిగుల్తది దాంట్ల? పై డబ్బానే గద."

"డబ్బా ఉంటది గద. చాలు నాకు."

మేఘకు తిక్క రేగింది. "నా పని పోయినా సరే, నీకు డబ్బా ఉండాలె! అవ్వ పాయె నాయినా. దీన్ని పట్టుకోని కూసుంటే మళ్లొస్తదా?"

అనేశాక నాలుక కరుచుకుంది గాని, జారిన మాట వెనక్కి రాదు. ఈరేశ్ పళ్లెంలోనే చేయి కడుక్కుని లేచాడు. పెరుగన్నం దాకా రానేలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని ఎండలోకి నడిచి వెళ్లిపోయాడు. తల్లి ఏమన్నా తిడితే బాగుండుననిపించింది మేఘకు. సుమంగళ తిట్టలేదు, పళ్లెం తీసింది.

ఆ లాప్‌టాప్ లాక్‌డౌన్‌లో కొన్నది. క్లాసులన్నీ ఫోన్లలోకి వచ్చేసి, మేఘ బొమ్మలు గీయడానికి దారిలేక ఏడుస్తూ కూర్చున్న రోజుల్లో, ఈరేశ్ తల్లి పంపమ్మ తన కాళ్ల వెండి కడియాలు తీసి కొడుకు ఒళ్లో పెట్టింది. పెళ్లినాటి నుంచి కాలికి అంటుకునున్న కడియాలు. తీసిన చోట తెల్లటి గీతలు పడ్డాయి. "ఏం ఫికర్ లేదురా, కాళ్లు తేలికైనయ్. ఇగ నేను గూడ ఉరుకుత," అని నవ్వింది. అవి అమ్మితే వచ్చిన డబ్బుకు దొరికింది పాతదే. తెర మడత దగ్గర ప్లాస్టిక్ ముక్క విరిగి, అప్పటికే వేలు దూరేంత సందు ఉంది.

మేఘకు పరీక్ష ఉన్న రోజల్లా పంపమ్మ వెనక నిలబడి మనవరాలి తల మీద అక్షింతలు చల్లేది. తెర మీద లెక్చరర్ కనబడితే, "సార్‌కు గూడ ఏస్త. పాస్ చేసేది ఆయననే గద," అని తెర మీదకూ ఒక గుప్పెడు విసిరేది. ఒకసారి ఆ లెక్చరర్ చూసి, నవ్వుతూ తల వంచి మరీ తీసుకున్నాడు. క్లాసు క్లాసంతా పడి పడి నవ్వింది. మేఘకు సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. పంపమ్మకు మాత్రం ఏ సిగ్గూ లేదు. తర్వాత్తర్వాత లాప్‌టాప్ గరగరమనడం మొదలెడితే, "దీని కడుపుల ఏమో గురగుర అంటున్నదే, ఇంత వాము తాపియ్యి," అని వైద్యం కూడా చెప్పింది. పోయిన కార్తీకంలో నిద్రలోనే పోయింది.

ఆదివారం పొద్దున ఈరేశే కూతురి దగ్గరకు వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఇచ్చెయ్యి బిడ్డా. నీ పని కంటే డబ్బా ఎక్కువ గాదు. మా అమ్మ ఉన్నా గదే అంటుండె."

"నాయినా, నిన్న నేను..."

"గది ఇడువు. ఒక్కటే మాట. మనింట్లకెళ్లి బర్రెను అమ్మినా కడిగి, బొట్టు పెట్టి పంపిస్తుంటిమి. దీన్ని గూడ మంచిగ తుడిచి ఇయ్యి. మట్టితోని పంపకు."

అతను చెప్పి దొడ్లోకి వెళ్లిపోయాడు. మేఘ వాకిట్లో నీడ చూసుకుని పాత పేపర్ పరిచింది. ఇచ్చేముందు తను గీసినవన్నీ ఉన్న డిస్కు తీసుకోవాలి, అది ఎలాగో ఆమెకు తెలుసు. తీస్తూ తీస్తూ లోపల దుమ్ము కూడా దులుపుదామని స్క్రూలు విప్పి అడుగు మూత లేపింది. పక్కన సుమంగళ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

ఫ్యాను చుట్టూ దుమ్ము అట్టలు కట్టి ఉంది. గాలి పోయే దారి మొత్తం మూసుకుపోయింది. మేఘ పిన్నీసుతో ఆ అట్టను కదిపింది. పొడి కాలేదు, ముద్దగా ఊడివచ్చింది. అందులోంచి ఒక గింజ పేపర్ మీద పడింది. ఆ వెనకే ఇంకొకటి. ఇంకా కొన్ని.

"అమ్మా, ఇటు చూడు. బియ్యం."

సుమంగళ ఒక గింజను చీర కొంగుతో తుడిచింది. లోపలి పసుపు రంగు పైకి తేలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది, మళ్లీ చూసింది.

"నెయ్యి. నేను అక్షింతలు నూనెతోని కలుపుతనని అత్త ఎంత తిడ్తుండె! నెయ్యితోని కలిపేది ఈ ఇంట్ల ఆమె ఒక్కతే."

మేఘ చేతిలో పిన్నీసు అలాగే ఉండిపోయింది. ఎన్ని పరీక్షలు రాసింది, అవ్వ ఎన్నిసార్లు వెనక నిలబడింది! తల మీద నుంచి జారినవి, తెర మీదకు విసిరినవి, అన్నీ ఆ విరిగిన సందులోంచి లోపలికి పోయి, నెయ్యికి దుమ్ము పట్టి అక్కడే ఉండిపోయాయి. అవ్వ మళ్లీ రాదని తానే అరిచింది. ఆ మాట గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుపు విని ఈరేశ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందే? ఇరిగిందా?"

"ఇరగలే నాయినా. దీని ప్రాసెసర్ మంచిగనే ఉంది. ఊపిరాడక ఆగుతున్నది. వేడి బయటికి పోతలేదు." పేపర్ మీది గింజలు అతని ముందుకు జరిపింది. "అవ్వ అక్షింతలు అడ్డం పడ్డయ్."

అర్థం కావడానికి అతనికి కాస్త సమయం పట్టింది. తర్వాత మోకాళ్ల మీద కూలబడి, పత్తి నాణ్యం చూసే వేళ్లతో ఒక్కొక్క గింజా ఏరడం మొదలెట్టాడు. కన్నీళ్లు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. సుమంగళ కూడా కళ్లు ఒత్తుకుంది గాని, ఆమె నోరు ఊరుకోదు కదా. "అత్త అంతే. మంచి చేసినా దండిగనే చేస్తది," అంది. ముగ్గురూ ఏడుస్తూనే నవ్వారు.

వేడిని లాగేందుకు ప్రాసెసర్ మీద రాసే పూత ఎండిపోయిందని మేఘ అంటే, ఈరేశ్ బండి వేసుకుని తనే పోయి కొత్తది తెచ్చాడు. ఏరిన గింజలను తొక్కే చోట వేయకూడదు. తల్లి కడియాలు దాచుకునే ఎర్ర గుడ్డ సంచి ఇన్నాళ్లూ బీరువాలో ఖాళీగా పడి ఉంది. వాటిని అందులో పోసి, మూతి కట్టి, దేవుడి గూట్లో పెట్టాడు.

సాయంత్రం మేఘ లాప్‌టాప్ బిగించి మీట నొక్కింది. గరగర లేదు. కొత్తదానిలా పరుగులేం పెట్టలేదు, ముసలిది ముసలిదే. కానీ గోడలు వచ్చాయి, కాసేపటికి పైకప్పూ వచ్చింది.

సోమవారం పొద్దున వీడియో కాల్‌లో మహదేవప్ప కిటికీ తూర్పుకు జరపమన్నాడు, మెట్లు బయటికి పెట్టమన్నాడు. మేఘ జరిపింది, పెట్టింది. లాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన తృప్తిగా తల ఊపి, "నాళెయింద కెలస కళిస్తీనమ్మా," అన్నాడు. రేపటి నుంచి పని పంపిస్తాడట!

ఈరేశ్ ఆ రోజు గంజ్‌కు వెళ్లలేదు. ఇంతసేపూ తలుపు చాటున నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ముందుకు వచ్చాడు. చేతిలో పసుపు బియ్యం పళ్లెం ఉంది. ఆ ఇంట్లో మగవాళ్లు అక్షింతలు కలపడం మేఘ ఎప్పుడూ చూడలేదు. నెయ్యి వాసన గుప్పుమంది. తండ్రి ఆమె తల మీద నాలుగు గింజలు చల్లాడు. తర్వాత తెర మీది పెద్దమనిషిని చూసి, కూతురి చెవిలో మెల్లగా అడిగాడు.

"సార్‌కు గూడ ఎయ్యాల్నా?"

మేఘకు కళ్లు నిండిపోయాయి. చేయి చాచి, తెర మడత దగ్గరి సందును అరచేత్తో గట్టిగా మూసింది.

"ఎయ్యి నాయినా."