యశస్వినికి మైల లేదు

పాండురంగ మాస్టారు పోయిన రెండో రోజు పొద్దున బందరు ఇంట్లో పాలు పొంగుతున్నాయి. చావింట్లో కూడా కాఫీ కాచక తప్పదు. కూతురు శ్రీవిద్య గిన్నె దించుతుంటే, దేవుడి గది గుమ్మం బయటినుంచి అన్నయ్య రఘురామ్ మాటలు వినిపించాయి.

"యశస్వినీ, లోపలికెళ్లి దీపం వెలిగించు తల్లీ. నీకూ మీ మమ్మీకీ మైల లేదుగా."

ఆరేళ్ల పిల్ల సంబరంగా అగ్గిపెట్టె అందుకుంది.

గుడివాడలో శ్రీవిద్య, తేజస్వి పదేళ్లుగా ఒకే కాపురం. ఇద్దరూ కోరుకున్న బిడ్డను తేజస్వి కన్నది. పిల్లకి తేజస్వి మమ్మీ, శ్రీవిద్య అమ్మ. ఈ ఇంట్లో మాత్రం ఎప్పుడూ "తేజస్వి కూతురే".

శ్రీవిద్య హాల్లోకి వచ్చింది. "దానికి మైల లేదని ఎవరన్నారన్నయ్యా?"

"శాస్త్రం అంది. నీకు పుట్టుంటే మూడు రోజులు పట్టేది. లేని చుట్టరికం నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

"పుట్టగానే ఎత్తుకున్నది నేను. జ్వరమొస్తే అది కలవరించేది నన్ను."

"ఎత్తుకున్నవాళ్లంతా అమ్మలైతే ఇక ఆయాల్నేమనాలే?"

పెరటి గుమ్మంలో ఉన్న తేజస్వి తల వంచుకుంది. "వదిలెయ్ విద్యా. ఇప్పుడు గొడవెందుకు?"

శ్రీవిద్యకి అన్నయ్య మాటకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. "నువ్వు వదిలేస్తావు. నువ్వు దానికేమవుతావని నిన్నెవరూ అడగరు కదా."

యశస్విని బిక్కమొహం వేసింది. "అమ్మా, తాతయ్య నాకు తాతయ్య కాదా?"

రెండు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్న తల్లి కనకమహాలక్ష్మి మెల్లగా లేచి కూర్చుంది.

"అగ్గిపెట్టె అక్కడ పెట్టి నా పక్కకి రావే. నీకూ మైలే. పోయింది మీ తాత."

"నలుగురూ ఏమంటారమ్మా?" అన్నాడు రఘురామ్.

"అననీరా."

పిల్ల వెళ్లి చాపమీద ఒదిగి కూర్చుంది. శ్రీవిద్య తల్లివైపు తిరిగింది. "ఈ మాట నాన్న ఉండగా ఎందుకనలేదమ్మా?"

"ఆయన ఒప్పుకునేవారు కాదు."

తండ్రి కోసం రెండు రోజులుగా ఆగని కన్నీళ్లు టక్కున ఆగిపోయాయి. పోయినాయనతో పోట్లాడటానికి లేదు. వెళ్లి కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, తల్లి భుజానికి ఆనుకుంది. అప్పుడు మళ్లీ ఏడుపొచ్చింది.

తేజస్వి గుమ్మంలోనే నిలబడిపోయింది. నీకూ మైలేనని ఆమెకి చెప్పినవాళ్లు లేరు.